పది తరవాత తొమ్మిది

పదకొండు గంటలకు రమ్మన్నారు. పదకొండూ పది అయింది, తలుపు ఇంకా మూసే ఉంది. లోపల పంపు ఆపరేటరు ఉన్నాడు, మేమంతా పంపు బాబాయ్ అంటాం. ఆయన తరవాత నేను. బెంచీ మీద ఇద్దరికి చోటుంది, నేనూ నా ఫైలూ కూర్చున్నాం. ఫైల్లో మూడు కాగితాలు: ట్యాంకులోని కొలత పెట్టె తన లోపల దాచుకున్న అంకెల జాబితా, బాబాయ్ రాసే నీటి లెవెల్ పుస్తకంలో ఒక పేజీ నకలు, గురువారం నేను సంతకం పెట్టి ఇచ్చిన నివేదిక. పెట్టె జాబితా ప్రకారం మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ ముప్ఫై ఒకటికి ఈ ఆస్పత్రి పై ట్యాంకులో ఉన్న నీళ్లు నూటికి ఎనిమిది వంతులు. బాబాయ్ పుస్తకంలో అదే నిమిషానికి ఎనభై అని ఉంది. విచారణ కమిటీ నన్ను అడగబోయేది ఒక్కటే ప్రశ్న, ముందే రాసి పంపారు: పెట్టె ఎనిమిది అని పంపినప్పుడు కంట్రోల్ రూమ్ తెర మీద ఎనభై అని కనబడే అవకాశం ఉందా. ఆ తెర వెనక నడిచే ప్రోగ్రాం నేను రాసింది. అవకాశం లేదు అంటే బాబాయ్ అబద్ధం చెప్పినట్టు, జరగరానిది జరిగాక కూర్చుని ఆ ఎనభై రాసుకున్నట్టు, ఆయన ఉద్యోగం పోయినట్టు. ఉంది అంటే, ఉంది అని ఎలా అంటాను, నివేదికలో అంకె దారిలో మారే అవకాశం లేదనే రాశాను.

లేదనే రాశాను, అది నిజం కూడా, నిజమే అయి ఉండాలి, ఎందుకంటే నాకు నేర్పినాయన అలాగే చెప్పాడు. శిక్షణ రోజుల్లో ఆయన బోర్డు మీద, ఇది పంపే మిషను, ఇది అందుకునే మిషను అంటూ రెండు డబ్బాలు గీసి మధ్యలో గీత గియ్యకుండా వదిలేశాడు. ఇందులో కనెక్షన్ ఉండదు, అన్నాడు. ఫోన్ అయితే అవతలివాడు ఎత్తాలి, హలో అనాలి, అప్పుడు మాట. ఇది మేడ మీంచి వీధిలోకి ఒక కేక వేసి లోపలికి పోవడం, విన్నారో లేదో మనకి పట్టదు. వెనక బెంచీలోంచి ఎవరో, "మా ఆవిడ పద్ధతి సార్" అన్నారు. "మీ ఆవిడ జవాబు రాకపోతే రెండోసారి అరుస్తుందిగా, ఇది అదీ చెయ్యదు" అన్నాడు ఆయన. అందరితో పాటు నేనూ నవ్వాను, నవ్వుతూనే రాసుకున్నాను: ఆ కేక పేరు డేటాగ్రామ్, అది దారిలో పోవచ్చు, ఆలస్యంగా రావచ్చు, రెండుసార్లు రావచ్చు, వెనకది ముందు రావచ్చు, మారి మాత్రం రాదు. దారిలో ఒక్క అక్షరం చెడినా అందుకునే మిషను దాన్ని లెక్క చూసి పారేస్తుంది. గురువారం నివేదికలో ఈ వాక్యాన్నే ఎక్కించాను. మారి రాదు. కింద సంతకం. సంతకం పెడుతున్నప్పుడు చెయ్యి ఆగింది, ఆగిందా, లేక ఇప్పుడు ఆగినట్టు అనిపిస్తోందా.

బెంచీకి ఎదురుగా గోడ మీద ప్రమాదం లేని రోజుల బోర్డు ఉంది. మూడు కొక్కేలు, వాటికి తగిలించే రేకు అంకెలు. మంగళవారం సాయంత్రం గార్డు అంకెలు మూడూ తీసేశాడు. సున్నా తగిలించాలా, ఖాళీగా ఉంచాలా అని ఎవర్ని అడిగినా తెలియలేదట, ఖాళీగా ఉంచాడు. మంగళవారం పెద్ద పంపుకి బేరింగ్ మారుస్తున్నారు. పొద్దున ఏడూ నలభైకి ట్యాంకులో ఎనభై ఉంది, అది పెట్టె జాబితాలోనూ ఉంది, బాబాయ్ పుస్తకంలోనూ ఉంది. అక్కణ్నించి దిగుతూ వచ్చింది. పన్నెండూ పదికి పది. బేరింగ్ ఇదిగో అయిపోతుందని అప్పటిదాకా ఆగిన బాబాయ్, ట్యాంకుని నింపే రెండో లైను వాల్వు తిప్పడానికి వెనక ఆవరణలోకి బయల్దేరాడు. దారిలో బేరింగ్ మారుస్తున్న ఫిట్టరు, పంపు షాఫ్టు కాస్త పట్టుకోమన్నాడు. పట్టుకున్నాడు. వాల్వు తిప్పే ముందు మరొక్కసారి తెర చూసి పుస్తకంలో రాయాలన్నది రూలు, గోడ మీద రాసి ఉన్న రూలు. రూలు ప్రకారం వెనక్కి వచ్చాడు, చూశాడు, ఎనభై ఉంది, రాశాడు. రెండో లైను ఇంకెవరో తిప్పేశారనుకున్నాడు. ఫిట్టరు దగ్గరికి వెళ్లి, తొందరేం లేదు, నెమ్మదిగా బిగించుకో అన్నాడు. ఒంటి గంటకి మూడో అంతస్తులో డయాలిసిస్ మిషన్లు ఆరూ నీళ్లు లేక ఆగాయి. అయిదుగురి రక్తం వాళ్ల ఒంట్లోకి తిరిగి ఎక్కించి ఇంటికి పంపారు. ఆరో ఆయనకి గొట్టంలో రక్తం గడ్డకట్టింది, ఆ లోపే బీపీ పడిపోయింది. ఆయన టైలరు. నాలుగు రోజులుగా నాలుగో అంతస్తులో కళ్లు తెరవకుండా ఉన్నాడు. పొద్దున లిఫ్టులో ఆయన భార్య నా మెడలో కార్డు చూసి, "మీరు ఇక్కడేనా అమ్మా, క్యాంటీన్ ఎన్నో అంతస్తు?" అని అడిగింది. కిందే అన్నాను. ఆమె జాకెట్టు భుజం దగ్గర గుండుసూది ఉంది, కుట్టు విప్పి మళ్లీ కుడదామని వదిలేసినట్టుంది. కిందే అన్నాను కానీ నేను నాలుగు నొక్కాను, ఎందుకు నొక్కానో తెలీదు, మళ్లీ రెండు నొక్కాను. ఆవిడ రెండు బటన్లూ చూసింది.

ఎనభై. పొద్దున ఏడూ నలభైకి నిజంగానే ఎనభై ఉందిగా. ఆ కేకే దారిలో ఎక్కడో చిక్కుకుని పన్నెండూ ముప్ఫై ఒకటికి వచ్చి ఉంటే? ఆలస్యంగా రావచ్చు అని రాశానుగా. కానీ ఆలస్యం అంటే అర సెకను, రెండు సెకన్లు. అయిదు గంటలు ఏ తీగలో కూర్చుంటుంది, మన తీగ పొడుగే అయిదంతస్తులు. పోనీ, ఎవరైనా ఇంకో పెట్టెని నా ప్రోగ్రాం వినే పోర్టుకే తిప్పారా. ఇంకో పెట్టె లేదు. పోనీ, రెండుసార్లు వచ్చి ఉంటే? రెండుసార్లు వచ్చినా ఎనిమిదే వస్తుంది, ఎనిమిదీ ఎనిమిదీ. రాకుండా పోయి ఉంటే తెర మీద పాత అంకె ఉండిపోవాలి, పాత అంకె తొమ్మిది, ఎనభై కాదు. ఎటు తిప్పినా ఎనభై రావడం లేదు. రాకపోతే బాబాయ్ అబద్ధం చెప్పాడా. మూడేళ్లుగా ఆ పుస్తకంలో ఆయన అంకెలు చూస్తున్నాను. ఏడుకి అడ్డగీత పెడతాడు, ఒకటనుకుంటారేమోనని. అలాంటి మనిషి. అలాంటి మనిషి భయంలో ఏదైనా రాయొచ్చు, కమిటీ ఇదే అంటోంది. తలుపు సందులోంచి చీఫ్ ఇంజనీరు గొంతు వినబడుతోంది.

"ఇరవై నిమిషాల్లో పది నించి ఎనభైకి ఎలా ఎక్కుతుందయ్యా? నీళ్లా, పాలపొంగా?"

"నాకూ అదే అనిపించిందండీ. రెండో లైను తిప్పారనుకున్నాను."

"ఎవరు?"

"ఎవరో."

"ఎవరోనా? ఆ ఎవరో పేరు చెప్పు, ఆయన్నీ పిలుద్దాం."

ఎవరో నవ్వారు. బాబాయ్ కాదు.

మూడేళ్ల కిందట ఇదే బాబాయ్ ఇదే గొంతుతో నాతో వాదించాడు. ప్రోగ్రాం రాశాక ట్యాంకుని పూర్తిగా దించి, పూర్తిగా నింపి, అంకెలన్నీ సరిగ్గా వస్తున్నాయో లేదో చూస్తానన్నాను. "ఎంత దాకా దించాలి?" "సున్నా దాకా బాబాయ్." "సున్నా ఏంటి, నీ మొహం. పైన మనుషులు మిషన్ల మీద పడుకుని ఉంటారు అమ్మాయ్, నీ కంప్యూటర్ పరీక్షకి వాళ్లని ఎండగడతావా? పదిహేను దాకా దించుతాను, అక్కడ చూసుకో. నా సర్వీసులో అది ముప్ఫై కిందికి దిగలేదు, దిగనివ్వను." పదిహేను దాకా దించాడు, తొంభై అయిదు దాకా నింపాడు, అంకెలు సరిగ్గా వచ్చాయి. ఆయన తెర ముందు నిలబడి, పదిహేను, పదహారు, పదిహేడు అని పైకి చదివాడు, ట్యాంకు పక్కన మనిషి ఫోన్లో అవునవును అన్నాడు, నేను టిక్కులు పెట్టుకున్నాను. ఆ రోజే నా సీనియరు వచ్చి వెనక నిలబడ్డాడు. కళ్లజోడు పైకి నెట్టుకుని నా కోడ్ చదివాడు. నిమిషానికోసారి అంకెని అందుకునే లూపు తిరిగినప్పుడల్లా నేను కొత్త పాకెట్ ఆబ్జెక్ట్ ఒకటి తయారుచేస్తున్నాను, దానికి కొత్త బఫర్, అంటే వచ్చిన అక్షరాలు కూర్చునే గడుల వరస, ఇస్తున్నాను. "నిమిషానికో కొత్తదా? మీ ఇంట్లో అన్నం వండినప్పుడల్లా కొత్త గిన్నె కొంటారా?" అన్నాడు. సిగ్గేసింది. ఆ రెండు వరసలూ లూపు బయటికి తీసుకొచ్చాను. ఒక్క సాకెట్, ఒక్క పాకెట్, ఒక్క బఫర్, మూడేళ్లుగా అదే గిన్నె. ఆయన ఇంకేదో కూడా అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఏదో అన్నాడు, ఫోన్ మోగింది, నేను తల ఊపాను. ఏమన్నాడు? ఇంత గుర్తుంది, గిన్నె గుర్తుంది, కళ్లజోడు గుర్తుంది, ఆ చివరి ముక్క గుర్తు రావడం లేదు.

కొక్కేలు మూడూ ఖాళీగా ఉన్నాయి. కొక్కెం ఉంటే చెయ్యి ఏదో ఒకటి తగిలించాలని చూస్తుంది. మా బడిలో రెండే కొక్కేలుండేవి. పరీక్షలకు ఇంకా ఇన్ని రోజులు అని రాసిన బోర్డు, కింద అంకెల పెట్టె, అంకెలు మార్చే పని నాది, ఎందుకంటే నా ఇల్లు బడికి దగ్గర, ఎందుకంటే నేను మాట వింటాను. ముప్ఫై రోజుల నించి మొదలుపెట్టాం. ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది, రోజుకో రేకు మార్చడమే, ఇరవై తొమ్మిదికీ పందొమ్మిదికీ మాత్రం రెండేసి రేకులు. పది కూడా తగిలించాను, ఒకటీ సున్నా. మర్నాడు ఆలస్యమైంది, పరిగెత్తుకుంటూ వచ్చాను, గంట కొడుతున్నారు, తొమ్మిది ఎక్కడా కనబడలేదు, ఆరుని తిరగేశాను, ఎడమ కొక్కేనికి ఒకటి మీద తగిలించేశాను, వరసలోకి పరిగెత్తాను. ప్రార్థన అయ్యాక హెడ్మిస్ట్రెస్ మైకులో, "పదో తరగతికి ఎనభై ఒక్క రోజులు దానం చేసిన పుణ్యాత్మురాలు ఎవరమ్మా?" అంది. బడంతా బోర్డు వైపు తిరిగింది. తొంభై. నేను తగిలించింది తొమ్మిదే. తొమ్మిదే తగిలించాను టీచర్, అని ఏడ్చాను. "తొమ్మిది తగిలించావు తల్లీ, పక్కనున్న సున్నాని ఎవరు తీస్తారు, మీ తాతయ్యా?"

సున్నాని ఎవరు తీస్తారు. పెట్టె జాబితా ఒళ్లో ఉంది. పన్నెండు, పదకొండు, పది. పది అంటే రెండు అక్షరాలు, ఒకటీ సున్నా, బఫర్లో మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో సున్నా. ఆ తరవాత తొమ్మిది. తొమ్మిది ఒకటే అక్షరం. మొదటి గడిలో కూర్చుంటుంది. రెండో గడి జోలికి ఎవరూ పోరు. కొత్త బఫరైతే ఆ గడి ఖాళీగా ఉండేది, కానీ ఇది పాత బఫర్, పది పోయినా పదిలోని సున్నా అక్కడే ఉంది. పాకెట్ తన పొడుగు తనే చెబుతుంది, నేను ఒక్క అక్షరాన్నే అని చెబుతుంది, అడిగితే. నేను అడగలేదు. బఫర్ మొత్తం చదివి, చివర్న ఉన్న ఖాళీ గడులు మాత్రం కత్తిరించెయ్యమని రాశాను. సున్నా ఖాళీ కాదు. తొమ్మిది తొంభై అవుతుంది. ఎనిమిది ఎనభై. ఏడు డెబ్భై. పెన్సిల్‌తో జాబితా పక్కన రాశాను, 90, 80, 70, 60, పెన్సిల్ జారి అరవై నూట అరవైలా పడింది, చెరిపి రాశాను. పది దాకా ఏ అంకైనా రెండు అక్షరాలే, అందుకే మూడేళ్లు సరిగ్గా చూపించింది. పది కిందికి దిగితేనే తప్పు చూపిస్తుంది, అంటే నీళ్లు అయిపోతున్నప్పుడే నిండుగా ఉన్నాయని చెబుతుంది. పది కిందికి దిగనివ్వని మనిషి ఒకడున్నాడు కాబట్టి ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. సీనియరు గుమ్మం దగ్గర అన్నది కూడా వచ్చింది, వచ్చిందా, నేనే కల్పిస్తున్నానా: వాడిన గిన్నె కడుక్కోవాలి మరి, అన్నాడు. అనే ఉంటాడు. అని ఉండకపోతే బాగుండు.

అయితే నా నివేదిక అబద్ధమా. డేటాగ్రామ్ మారలేదు. ఎనిమిదిగా బయల్దేరింది, ఎనిమిదిగా వచ్చింది, మారి రాదు అన్నది ఇప్పటికీ నిజం. వాళ్లు తెర గురించి అడిగారు, నేను దారి గురించి జవాబిచ్చాను. నిజమే రాశాను, ఆ నిజంతోనే ఒక మనిషిని అబద్ధాలకోరుని చేశాను, ఇది ఎలా కుదురుతుంది, రెండూ ఒకే సంతకం కింద ఎలా ఉంటాయి. టైలరు విషయంలో ఎవరి తప్పు ఎంత. షాఫ్టు పట్టుకోమన్న ఫిట్టరుదా, తెర చూసి రమ్మన్న రూలుదా, అనుమానం వచ్చి కూడా మెట్లెక్కి ట్యాంకు చూడని బాబాయ్‌దా, సున్నా తియ్యని నాదా. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి మళ్లీ నా దగ్గరికే వస్తోంది. దిద్దాలంటే ఒక్క వరస. పాకెట్‌ని పొడుగు అడగడమే. ప్రోగ్రాం ఇప్పుడు కూడా కింద కంట్రోల్ రూములో నడుస్తోంది, భోజనాల వేళ ఎవరూ ఉండరు, రెండు నిమిషాల పని. ఆ తరవాత ఎవరు పరీక్షించినా ఎనిమిది ఎనిమిదిగానే కనబడుతుంది. ఈ ఆలోచన నాది కాదు అనుకున్నాను. నాదే. పెన్సిల్ గీతల మీద బొటనవేలు పెట్టి ఉంది, చెరపడానికో, మూయడానికో, నాకే తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. బాబాయ్ బయటికి వచ్చాడు. చొక్కా జేబులో పెన్ను లేదు, లోపల మర్చిపోయినట్టున్నాడు. నన్ను చూసి ఫైలు అటు జరిపి పక్కన కూర్చున్నాడు.

"ఏమన్నారు బాబాయ్?"

"ఏమంటారు అమ్మాయ్, నువ్వు రాసిన కాగితం చదివి వినిపించారు. దారిలో మారదంట కదా."

"అది కాదు బాబాయ్..."

"నువ్వు చదువుకున్నదానివి, లేనిది ఎందుకు రాస్తావు? నా కళ్లే ఆనడం లేదేమో. మా ఆవిడ ఏడాది నించీ పోరుతోంది, అద్దాలు మార్చవయ్యా మార్చవయ్యా అని. ఎనిమిది పక్కన ఏ మరకో ఉండి ఉంటుంది, సున్నా అనుకుని ఉంటాను. తప్పు చూశానని రాసి సంతకం పెట్టేశాను."

"పెట్టేశారా?"

"పెట్టెయ్యక? గంట నించీ అదే ప్రశ్న. చివరికి నాకే అనుమానం వచ్చేసింది, నేను చూశానా, చూశాననుకున్నానా అని. నీకింక లోపల పనేం ఉండదులే. పో, పోయి అన్నం తిను, మొహం చూడు ఎలా ఉందో."

"మీరిక్కడే కూర్చోండి. ఎక్కడికీ వెళ్లకండి."

"ఎక్కడికి వెళ్తాను? పంపు దగ్గరికి రానివ్వడం లేదుగా."

లేచాను. గుమ్మం దాకా ఆరడుగులు. ఆ ఆరడుగుల్లో ఏం ఆలోచించానో చెప్పలేను. లిఫ్టులో రెండు బటన్లూ వెలుగుతున్నాయి, సూది గుచ్చిన భుజం, క్యాంటీన్ కిందే అమ్మా, ఆవిడకి ఈ పాటికి దొరికి ఉంటుందా. లోపల బల్లకి అటువైపు ముగ్గురున్నారు, చీఫ్ ఇంజనీరు, ఒక డాక్టరు, సిబ్బంది విభాగం ఆఫీసరు. పక్క బల్ల దగ్గర టైపిస్టు. కాగితాలు సర్దుతున్నారు.

"మీకు కబురు అందలేదా అమ్మా?" అన్నాడు చీఫ్ ఇంజనీరు. "ఆయన ఒప్పుకున్నాడు. మీ నివేదిక చాలు మాకు, వెళ్లిరండి."

ప్రశ్న అడగరన్నమాట. నేను జవాబుకే సిద్ధపడి వచ్చాను, లేదు అనో ఉంది అనో, ఏదైనా వాళ్లు అడిగితే. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. డాక్టరు గడియారం చూసుకుంటోంది. వెళ్లిరండి అన్నాక నిలబడినవాళ్లని ఎలా చూస్తారో అలా చూస్తున్నారు. నోరు తెరిచాను, ఏ వాక్యంతో మొదలుపెట్టాలో తేల్చుకోకుండానే.

"తెర మీద ఎనభై కనబడింది సార్."

"ఏంటీ?"

"పది తరవాత తొమ్మిది వస్తే నా ప్రోగ్రాం తొంభై చూపిస్తుంది. ఎనిమిది వస్తే ఎనభై. మంగళవారం దాకా ట్యాంకు పది కిందికి దిగలేదు, అందుకని ఎవరికీ తెలీలేదు. దిగనివ్వనిది ఆయనే. కావాలంటే ఇప్పుడే కిందికి రండి, చూపిస్తాను. ఇంకా దిద్దలేదు."

ఇంకా దిద్దలేదు అన్న మాట ఎందుకు అన్నానో సిబ్బంది ఆఫీసరుకి అర్థమైనట్టుంది. నా వైపు చూశాడు. "మీరు గురువారం సంతకం పెట్టి ఇచ్చింది ఏమిటి మరి?"

"అదీ నిజమే సార్."

"అదీ నిజం, ఇదీ నిజం, మమ్మల్నేం చెయ్యమంటారు?"

తెలీదు అన్నాను. నిజంగానే తెలీదు. డాక్టరు గడియారం మీంచి చూపు తిప్పి, కుర్చీ చూపించింది. కూర్చున్నాను. చీఫ్ ఇంజనీరు బాబాయ్ సంతకం పెట్టిన కాగితాన్ని ఒకసారి ఇటు తిప్పి, ఒకసారి అటు తిప్పి బల్ల మీద పెట్టాడు. టైపిస్టు కొత్త కాగితం ఎక్కించి, వేళ్లు అంకెల మీద ఉంచి నా వైపు తిరిగింది.

"ఎనిమిదా మేడమ్, ఎనభైయా? ఏదో ఒకటి సరిగ్గా చెప్పండి, రికార్డులో ఎక్కించాలి."

"రెండూ రాయండి" అన్నాను. "పెట్టె పంపింది ఎనిమిది. ఆయన చూసింది ఎనభై. మధ్యలో ఉన్నది నేను."